ఖతర్ పేరున్న గ్రహం, మూడు రోజుల సెలవు

ఎక్కడో దూరాన ఒక నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహానికి ఖతర్ పేరు పెట్టారట. ఏడో తరగతి చదివే మా అమ్మాయి శ్రావ్య ఫోన్లో చెప్పింది. "బాపూ, నానమ్మ నువ్వు దుబాయ్‌ల ఉన్నవంటది గని, నువ్వుండేది ఖతరే గద? గా గ్రహం మీద ఎట్లుంటదో చెప్పు, బడిల మాట్లాడాలె." వారమంతా డ్యూటీ అయ్యాక చదివాను. ఆ మాటలు కార్మికుల క్యాంప్ గదిలోంచి చెప్పాలనిపించలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి: దీపావళికి రావాల్సిన నా సెలవును కంపెనీ ఆరు నెలలు వెనక్కి జరిపింది. దానికి నోరు పెగలడం లేదు.

శుక్రవారం మూడున్నరకు మా క్యాంప్ ఉన్న బిర్కత్ అల్ అవామిర్‌లో టాక్సీ ఎక్కాను. డ్రైవర్ యూసుఫ్ భాయ్‌ది మా కరీంనగరే. సీలైన్ ఇసుక దిబ్బలకు రానూపోనూ, మధ్యలో ఆగడంతో కలిపి నూట ఇరవై రియాళ్ళకు ఒప్పుకున్నాడు. నగరం నడుమ ముషైరిబ్ నుంచి వచ్చేవాళ్ళు రెండు రియాళ్ళతో మెట్రోలో అల్ వక్రా దాకా వచ్చి, అక్కడ టాక్సీ పట్టుకుంటే నయం. మెసయీద్ ఫ్యాక్టరీల పొగగొట్టాలు దాటేసరికి ఆకాశం ఒక్కటే మిగిలింది. దారిలో ఆయనకు గ్రహం సంగతి చెప్పాను. వెయ్యి డిగ్రీల పైన వేడి. ఒక ముఖానికి ఎప్పుడూ పగలే, రెండో ముఖానికి ఎప్పుడూ చీకటే, మధ్యలో ఆగని గాలి. అంతా వాయువే, కాలు ఆనడానికి నేల లేదు.

"జమీనే లేదా? మరి క్యాంప్ ఏడ కడ్తరు భాయ్?"

"స్కాఫోల్డింగ్ గూడ నిలవది," అన్నాను. కట్టే భవనాల చుట్టూ ఇనుప పైపులతో పరంజా నిలబెట్టడం, పదకొండేళ్ళుగా నా పని అదే. కింద బేస్ ప్లేట్, అంటే ఇనుప పలక, నేలకు ఆనాకే పైపు నిలబెడతాం. అక్కడ ప్లేట్ వదిలితే పడుతూనే ఉంటుంది, పడి పడి చివరికి కరిగిపోతుంది. యూసుఫ్ భాయ్ ఏసీ పెంచాడు.

ఐదింటికి దిబ్బ ఎక్కి చెప్పులు విప్పాను. గాలికి దిబ్బ అంచు పొగలా లేస్తోంది. పొద్దు నారింజ రంగుకు తిరిగింది; ఆ గ్రహపు నక్షత్రం కూడా నారింజ రంగేనట. కళ్ళు సగం మూస్తే పాదాల కింద ఇసుక ఉన్నట్టే లేదు. పగటికీ చీకటికీ మధ్య, ఎప్పటికీ కుంకని పొద్దులో తేలుతున్నాను. హాయిగా ఉంది, భయమూ వేసింది.

ఐదున్నరకు ఇక్కడి పొద్దు కుంకింది. ఊళ్ళో అప్పుడు ఎనిమిది. వీడియో కాల్‌లో శ్రావ్యకు ఉత్తర దిక్కు చూపించాను. "గా దిక్కే ఉంటది బిడ్డా, కంటికి కనవడది. ఆడ ఏడాదంటే మనకు ముప్పై నాలుగు గంటలే." నోట్‌బుక్కులో రాసుకుంది. అప్పుడు సెలవు మాట చెప్పాను.

శ్రావ్య అదే నోట్‌బుక్కులో ఏదో లెక్క వేసింది.

"బాపూ, కంపెనీ రెండేండ్లకోసారి గద సెలవిచ్చేది? ఆడ రెండేండ్లంటే మూడు రోజులు గూడ కాదు. నువ్వు గా ఖతర్‌కు పో."

"నేల లేదు గద బిడ్డా."

"లేకుంటేంది? మూడు రోజులకు ఇంటికొస్తవ్ గద."

తిరుగు దారిలో ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మనిషి బతకలేని చోటని వారం రోజులు చదివి తెలుసుకున్నాను. మా అమ్మాయి ఒక్క లెక్కతో దాన్ని ఇంటి పక్కకు తెచ్చింది. వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: లోపలి దిబ్బల్లో ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, రోడ్డు పక్క దిబ్బే ఎక్కండి. ఇంట్లోవాళ్ళు ఏమంటారో ఒక్క మాట కూడా తెగకుండా వినాలి.