అందరూ బయటికి వెళ్ళే గది

అమీర్‌పేటలో నా చిన్నప్పుడు ఎవర్ని కదిపినా కంప్యూటర్ కోర్సు మాటే. గోడ మీద జానెడు ఖాళీ కనబడితే చాలు, కొత్త ఇన్‌స్టిట్యూట్ కాగితం అంటించేసేవారు. ఆ సందట్లో మా పక్క వాటాలో ఒంటరిగా అద్దెకుండే అక్క మాత్రం పశువుల డాక్టరు. పంజాగుట్టలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పనిచేసేది. ఐదేళ్లు చదివిన పిల్లకి ఆర్నెల్ల కోర్సు చేసినవాళ్ల జీతంలో సగమైనా రావడం లేదని మా అమ్మ జాలిపడేది. ఆదివారం సెలవని పేరే. ఎవరి కుక్కకో వాంతులైతే వచ్చి తలుపు బాదేవారు. చేతుల నిండా గోళ్ల గీతలు, కాట్లు. తోడబుట్టినవాళ్లెవరూ లేని నేను రోజూ సాయంత్రం ఆమె కోసం మెట్ల మీద కూర్చునేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు మా ముసలి కుక్కకు కిడ్నీలు పాడయ్యాయి. ఇక బాధపెట్టడం వద్దు, ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చేద్దామని పెద్దవాళ్లు అనుకున్నారు. క్లినిక్‌లో నాన్న కాగితం మీద సంతకం పెట్టి, చూడలేనంటూ బయటికి వెళ్లిపోయారు. నేనూ ఆయన వెనకే పరిగెత్తబోతే అక్క భుజం పట్టుకుని ఆపింది.

"జర నిలబడు బిడ్డా. చెయ్యి దాని మీద పెట్టు. అందరు బయటికి పోతరు, ఇది ఆఖరిదాకా కండ్లతోని మనోళ్లనే దేవులాడుతది."

భయపడుతూనే చెయ్యి పెట్టాను. అది నా అరచేతిని ఒక్కసారి నాకి కళ్లు మూసుకుంది. ఏడుస్తూ గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. అక్క ఒక్కతే బల్ల తుడుస్తూ, మధ్యలో మోచేత్తో కళ్లు ఒత్తుకుంటోంది. వెళ్లి ఆమె మీద కూడా చెయ్యి వెయ్యాలని నాకు తోచలేదు.

ఆ ఏడాదే అక్క కూడా కంప్యూటర్ కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకుంది. వాటా ఖాళీ చేస్తూ చెప్పడానికి వస్తే, జీతం కోసమేనా అని ఉక్రోషంగా అడిగాను.

"జీతం తక్కువనే, అబద్ధమెందుకు? అయినా ఎట్లనో ఎల్లదీస్తుంటి. రోజు అందరు నన్నొక్కదాన్నే ఆ గదిల ఇడిసిపెట్టి బయటికి పోతరు గద, అది నాతోని కాలే."

ఆమె రాదని తెలిసీ ఆ మెట్ల మీద చాలా సాయంత్రాలు కూర్చున్నాను.

నా జుట్టు నెరిశాక, మొన్నామధ్య ఆస్పత్రిలో నర్సమ్మ నాన్నకి పుండు కడిగి కట్టు మారుస్తుంటే మావాళ్లంతా చూడలేక వరండాలోకి వెళ్లిపోయారు. నేను నాన్న మీద చెయ్యి వేసి ఉండిపోయాను. పని అయ్యాక, ఒక్కతే మూల నిలబడి చేతులు కడుక్కుంటున్న నర్సమ్మ భుజం మీద కూడా చెయ్యి వేశాను.