ఏటి ఒడ్డున గుండీల పట్టీ

రెండువేల పద్దెనిమిదవ సంవత్సరం నవంబరు పదిహేడవ తేదీ, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, సన్నని తుంపర పడుతూ ఆగుతూ ఉన్న వేళ, బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న ఒక దర్జీ దుకాణం ముందు ఆ దంపతులను నేను మొదటిసారి చూశాను. భర్త వ్యాను అద్దాలు తుడుస్తున్నాడు. భార్య రెండు గుండుసూదులు పెదవుల నడుమ పట్టుకొని, నా మనుమరాలు తొడుక్కొన్న ఆకుపచ్చని పొడుగు అంగీని నడుము దగ్గర సరిచేస్తున్నది.

"ఊపిరి బిగబట్టకమ్మా, కొలత తప్పుతుంది."

"బిగబట్టట్లేదు పిన్నిగారూ, నా పొట్టే అంత!"

"పొట్టున్న రాణులూ రాజ్యం బాగానే ఏలతార్లే," అన్నాడు బయటినుండి భర్త.

"మీరు ఆ అద్దాలు తుడుచుకోండి. రాణుల సంగతి మీకెందుకు?"

మాంత్రికులు, రెక్కల గుర్రాలు, ముగ్గురు రాజుల పోరాటం గల ఆ నాలుగు భాగాల సినిమా అంటే మా మనుమరాలికి ప్రాణం. అందులోని ఆరుబయటి దృశ్యాలన్నీ ఆ ఊరి కొండల మధ్యనే తీశారు. నాటినుండి జనం రావడం, సినిమాలోని వేషాలు వేసుకొని, ఏ రాజు ఏ రాతి దగ్గర కూలాడో అక్కడ నిలబడి ఫొటోలు తీయించుకోవడం మామూలైపోయింది. వారిని ఆ చోట్లకు తిప్పడం ఆయన వృత్తి. వారి వేషాలు సరిచేయడం ఆమె పనులలో ఒకటి.

మనుమరాలి అంగీకి అంచు కుట్టడం ఇంకా మిగిలే ఉన్నది. మధ్యాహ్నానికి వాన గట్టిపడుతుందని ఆయన తొందర.

"వ్యాన్లో కూర్చుని కుట్టవే. ఏటి దగ్గరికి వెళ్ళేసరికి అయిపోతుంది."

ఏరన్న మాట వినగానే ఆమె చేయి ఆగిపోయింది. "నేను రాను. ఎవరి పిల్లో నడిచిన చోటు నేను చూసేదేముంది?"

ఆయన గుడ్డ పిండి, మడిచి అన్నాడు: "వచ్చే నెలలో జలాశయానికి నీళ్ళు వదులుతారు. ఆ ఒడ్డు మళ్ళీ కనపడదు. చెప్పడం నా వంతు."

మనుమరాలికి ఈ మాటల లోతు తెలియదు. "రండి పిన్నిగారూ, మీరు లేకపోతే ఇది దారిలోనే ఊడిపోతుంది," అని ఆమె కుట్టుపెట్టె తానే ఎత్తుకొని వ్యాను ఎక్కింది. పెట్టె వెనుక ఆమె కూడా ఎక్కక తప్పలేదు.

మొదటి మజిలీలో, ఆడవాళ్ళిద్దరూ వ్యానులోనే ఉండగా, ఆయన నన్ను ఒక బండ మీద కూర్చోబెట్టి తన గొడవ చెప్పుకొన్నాడు.

వారికి ఒక్కతే కూతురు. మూడవ భాగం తీస్తున్న రోజుల్లో, శత్రువులు ఊరు తగలబెట్టగా జనం ఏటి వెంట పారిపోయే దృశ్యానికి స్థానికులను పిలిచారు. పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్ళు. తండ్రి సరుకుల లారీ మీద దూరప్రయాణంలో ఉన్నాడు. తల్లికి మిషను వదిలే తీరిక లేదు. ఆ గుంపుకు కావలసిన అంగీలలో సగం ఆమెకు, తక్కిన సగం వెనకవీధి దర్జీకి కుట్టమని ఇచ్చారు. పిల్లను వెంటబెట్టుకొని వెళ్ళింది నాయనమ్మ. ఆ వానాకాలంలోనే పిల్ల మెదడువాపు జ్వరంతో పోయింది. పిల్ల మీది దిగులుతో నాయనమ్మ కూడా ఏడాది తిరక్కుండా కన్నుమూసింది. సినిమా ఆ తరువాత వచ్చింది.

అందులో, పారిపోయే జనం నడుమ, కన్ను మూసి తెరిచేంతసేపు ఒక పిల్ల కనిపిస్తుంది. తల మీద ముసుగు, ముఖాన మసి. ఒకసారి మనవైపు తిరిగి చూసి సాగిపోతుంది. తండ్రి సినిమాహాలులోనే లేచి నిలబడ్డాడు. తల్లి చేయి పట్టి కూర్చోబెట్టింది.

"అది మనది కాదండీ. గుండీల పట్టీ చూడండి."

ఆడపిల్లల అంగీకి ముందువైపు కుడి అంచు పైకి వస్తుంది, మగపిల్లలకు ఎడమ అంచు. దర్జీపనిలో ఇది ఓనమాల వంటిది. తెర మీది పిల్లకు ఎడమ అంచు పైకి ఉన్నది. తన కూతురు తొడుక్కొన్నది తాను కుట్టిన అంగీ. తన చేతిలో పట్టీ ఏనాడూ తప్పలేదు. కాబట్టి ఆ అంగీ వెనకవీధి దర్జీ కుట్టినది. ఆ పిల్ల పరాయిపిల్ల. తమ పిల్ల ఉన్న ముక్కను కోసి పారేసి ఉంటారని ఆమె తీర్మానం.

"ఆ మహానుభావుడు ఆడా మగా అందరికీ ఒకటే పట్టీ వేస్తాడు. నా చేతిపని నాకు తెలీదా?" అనేది ఆమె.

ఆ బిడ్డ కదలాడే బొమ్మ ఈ లోకంలో మరొకటి లేదు. ఉన్న ఆ ఒక్కటీ తమదా కాదా అన్నది ఆ ఇంట్లో తెగని సంగతిగా నిలిచిపోయింది. కొన్నాళ్ళకు వాదన మానుకొన్నారు. కాని టీవీలో ఆ సినిమా వస్తే ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆయన చప్పుడు తగ్గించి చూసేవాడు. లారీ మాని వ్యాను పట్టింది కూడా ఆ చోటేదో కనుక్కోవాలనే.

"మిగతా చోట్లన్నీ దొరికాయి బాబాయిగారూ," అంటూ ఆయన ప్లాస్టిక్ తొడుగు వేసిన సినిమా బొమ్మలు చూపించాడు. వాటిని ఎదురుగా ఎత్తిపట్టి, వెనుకనున్న కొండ అంచుతో కలిసేవరకు అటూ ఇటూ జరిగి, కలిసిన చోట జనాన్ని నిలబెట్టడం ఆయన పద్ధతి. "ఇదొక్కటే కుదరదు. బొమ్మలో కొండ అంచున ఈ నొక్కు, ఈ గాడి, ఎడమపక్క ఉందా? అడవివైపు, ఏటి పైమలుపులో అలాంటి గాడి ఉంది. కాని వాలు కలవదు. వరదలకి ఒడ్డు మారిందని జనానికి చెప్తాను. ఒడ్డు మారిందే అనుకోండి, కొండ మారుతుందా?"

పైమలుపు చేరేసరికి తుంపర ఆగింది. ఏరు బూడిదరంగులో, పెద్దగా చప్పుడు చేయకుండా పారుతున్నది. అంచు కుట్టడం పూర్తయింది. మనుమరాలు సంచిలోనుండి చేతి అద్దం తీసి, "కొంచెం పట్టుకోండి పిన్నిగారూ, ముసుగు సర్దుకుంటా," అని ఆమె చేతికిచ్చింది. ఆమె పిల్ల పక్కకు వచ్చి, అద్దాన్ని ఎదురుగా చాచి పట్టుకొన్నది.

అద్దంలోకి చూసి కనుబొమలు ముడిచింది. "ఇదేంటి, పట్టీ తిరగేసి కుట్టానా?" అని పిల్ల వైపు తిరిగి చూసింది. అంగీకి కుడి అంచే పైకి ఉన్నది. మళ్ళీ అద్దంలో చూసింది. అక్కడ ఎడమ అంచు. దుకాణంలో నిలువుటద్దం ఉండకపోలేదు. కాని అందులో చూసుకొనేది తొడుక్కొన్నవారు. ఆమె చూపు ఎంతసేపూ గుడ్డ మీదనే.

"ఏమండీ," అన్నది. ఆ పిలుపులో ఏం వినిపించిందో, ఆయన వ్యాను తలుపు తెరిచినది తెరిచినట్టే వదిలి వచ్చాడు. "ఆ బొమ్మ ఇలా తెండి."

బొమ్మను అద్దానికి ఎదురుగా పెట్టింది. మసి పూసుకొన్న ఆ పిల్ల అద్దంలో ఇటు తిరిగింది. కుడి అంచు పైకి వచ్చింది. ఆమె చూపు పట్టీ మీద ఎంతోసేపు లేదు. ముఖం మీదికి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. తిరగబడి ఉన్నన్నాళ్ళూ ఎవరిదోగా తోచిన ముఖాన్ని తల్లికి మరొకరు చూపించవలసిన పని లేకపోయింది.

మనుమరాలు నా చెవిలో మెల్లగా అన్నది: "బొమ్మ తిప్పేశారు తాతయ్యా. ముందు సీన్లో జనమంతా ఎడమవైపు పోతుంటారు. ఇక్కడ కుడివైపు నడిస్తే వెనక్కి తిరిగొస్తున్నట్టుంటుంది కదా. అందుకని అప్పుడప్పుడూ ఇలా తిప్పేస్తారు."

ఆయన ఇదంతా విని, అద్దంలోని కొండ వైపు చూశాడు. గాడి కుడిపక్కన ఉన్నది. "కిందిమలుపు," అన్నాడు. "ఊరి దగ్గరిది. రోజూ దాని మీదుగానే వస్తున్నాను."

కిందిమలుపు దగ్గర ఆయన ఒక చేత అద్దం, ఒక చేత బొమ్మ పట్టుకొని, గులకరాళ్ళ మీద అటూ ఇటూ జరిగాడు. ఒకచోట ఆగాడు. అద్దంలోని కొండ, ఎదుటి కొండ గీతకు గీత కలిశాయి. పిల్ల నడిచిన చోటు మాకు పదడుగుల దూరంలో, నీటి అంచున ఉన్నది.

"ఇన్నేళ్ళూ దాన్ని పరాయిపిల్లన్నాను," అన్నది ఆమె.

"నువ్వన్నావు. అది విన్లేదులేవే."

"సినిమాలో అడవిలోకి పోతున్నట్టుంటుంది కదండీ. మరి నిజంగా ఎటు నడిచింది?"

ఆయన చేయి చాచి చూపించాడు. "ఇటు. మన ఊరివైపు."

ఆమె చెప్పులు విడిచి, నీటి అంచువరకు పోయి, ఆయన చూపిన దిక్కుగా కొంత దూరం నెమ్మదిగా నడిచింది. తరువాత అక్కడే కూర్చొని, తడి గులకరాళ్ళ మీద అరచేయి ఆనించి ఉంచింది. ఆయన వెళ్ళి పక్కన కూర్చొన్నాడు. వాన మళ్ళీ మొదలయింది. వారు లేవలేదు. మా మనుమరాలు ఆ రోజు ఫొటో ఒక్కటీ తీయించుకోలేదు.

తిరుగుదారిలో ఆమె వ్యానును నేరుగా వెనకవీధికి పోనిమ్మన్నది. దర్జీ గడప దగ్గరనే నిలబడి, "ఇన్నాళ్ళూ నీ కుట్టుని నలుగురిలో తీసిపారేశాను," అని జరిగినదంతా చెప్పింది. ఆ ముసలాయన మెడలోని టేపు తీసి, చుట్టి పక్కన పెట్టాడు.

"నేనూ ఆడపిల్లలకి కుడి అంచే పైకి పెట్టానమ్మా," అన్నాడు. "ఒక్కసారి వచ్చి అడిగుంటే చెప్పేవాణ్ణిగా. ఇద్దరం కూర్చుని ఆలోచించేవాళ్ళం."

జలాశయం మరుసటి ఫిబ్రవరికి నిండింది. పైమలుపు, కిందిమలుపు రెండూ నీటి అడుగున ఉన్నాయి. వ్యాను నడిపినాయన రెండువేల ఇరవై ఒకటవ సంవత్సరంలో ఊపిరితిత్తుల జబ్బుతో మరణించాడు. వ్యాను ఇప్పుడు ఆయన తమ్ముడి చేతిలో ఉన్నది. ఆమె కంటిచూపు తగ్గి మిషను మానుకొని, చెల్లెలి ఇంట ఉంటున్నది. దుకాణాన్ని వెనకవీధి దర్జీ కొడుకు నడుపుతున్నాడు. మా మనుమరాలికి వివాహమైంది.