జైతున్‌బీ మిరప చేతులు

మొన్న రంజాను వెళ్ళిన వారానికి జైతున్‌బీ పోయింది. ఇంట్లో వెతికితే ఆమె ఫోటోలు రెండో మూడో దొరికాయి. అన్నిట్లోనూ చేతులు కొంగు కిందే ఉన్నాయి.

ఆ చేతుల్ని, ఆమె దగ్గర యోగా నేర్చుకున్న స్తుతి మరిచిపోలేదు. నల్లపాడు దగ్గర షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసీ తీసీ వేళ్ళు ఎర్రగా పొంగి ఉండేవి. ఆ పనికెళ్ళే ఆడవాళ్ళు ఇంటికొచ్చి మజ్జిగతో ఎంత కడుక్కున్నా మంట పోదు. చంటిపిల్లల్ని ఎత్తుకోరు. కన్నీళ్ళొస్తే ముంజేత్తో తుడుచుకుంటారు.

జైతున్‌బీ ఆ చేతులతోనే సాయంత్రాలు యోగా నేర్పేది. అఘాయిత్యాలకు గురైన ఆడవాళ్ళకు అండగా ఉండే ఒక సంస్థ శిక్షణ ఇస్తోందంటే, తన నడుంనొప్పి తగ్గుతుందేమోనని వెళ్ళింది. చివరికి తనే నేర్పేదయింది. సంస్థవాళ్ళ కుట్టు గదిలో మిషన్లు గోడవారకు జరిపి, అక్కడే చాపలు పరిచేది.

స్తుతిని ఆమె దగ్గరికి ఆ సంస్థవాళ్ళే పంపారు. పొదిలి అవతల పత్తి తీతకు వెళ్ళినప్పుడు ఒకడు వెనకనుంచి వచ్చి పట్టుకున్నాడు. కేసు నడుస్తోంది. ఆనాటినుంచి ఆమె వీపు వెనక ఎవరూ నిలబడకూడదు. కన్నతల్లి అయినా సరే. అదివరకు అమ్మ గుమ్మంలో కూర్చోబెట్టుకుని జడ వేసేది. ఇప్పుడు అమ్మ దువ్వెన పట్టుకుని వెనక్కి రాగానే స్తుతి ఒళ్ళు కొయ్యబారేది. అమ్మ దువ్వెన మళ్ళీ గూట్లో పెట్టేసేది. అలా పెట్టేయడమే స్తుతికి కోతగా ఉండేది. అమ్మ చేత మళ్ళీ జడ వేయించుకోవాలి. ఆమె కోరిక అదొక్కటే.

అంతకుముందు ఇంకోచోట యోగాకి వెళితే, టీచరు మంచికే వెనకనుంచి భుజం సరిచేసింది. స్తుతి చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. అందుకే ఇక్కడ మొదటిరోజు ఒకటే అడిగింది.

"చెయ్యి వేస్తారా?"

జైతున్‌బీ రెండు అరచేతులూ చూపించింది. "వేస్తే తెల్లార్లూ మంటే నీకు!"

స్తుతి గోడకి వీపు ఆనించి కూర్చుంది.

ఆ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. జైతున్‌బీ ఎవరి వెనక్కీ వెళ్ళేది కాదు, అందరికీ కనబడేలా ఎదురుగానే కూర్చునేది. "కళ్ళు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి. లేదంటే నన్నే చూస్తా ఉండండి, నా మొహం బానే ఉంటదిగా!"

"ఏందక్కా, నా మోకాలు వంగట్లేదు. కాస్త లాగరాదూ?" అనేది పక్కింటి రిహానా.

"ముందు నీ నాలిక లాగాలే."

నవ్వుల మధ్య స్తుతి తన చెయ్యి తన పొట్టమీదే పెట్టుకుని ఊపిరి చూసుకునేది. కొన్నాళ్ళకు కళ్ళు మూయగలిగింది, రెప్పపాటు సేపు.

వానలు పడ్డాక షెడ్డులో పని ఆగింది. జైతున్‌బీ వేళ్ళకి కొత్త చర్మం వచ్చింది. అది చూసి స్తుతి చాప లాక్కుని గుమ్మం దగ్గరికి పోయింది.

"ఏమ్మా, అక్కడికి చేరావు?"

"నీ చేతులు బాగయినాయి కదా పిన్నీ."

జైతున్‌బీకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"పిచ్చి మొహమా, మిరపకాయల వల్లనా నేను ముట్టుకోంది? నువ్వు వెయ్యమన్లేదు, అందుకు. ఈ చేతులకి గంధం పూసుకున్నా అంతే."

మర్నాడు పొద్దున స్తుతి తనే గూట్లోంచి దువ్వెన తీసి అమ్మకిచ్చింది. "జడ వెయ్యమ్మా. వెనక్కొచ్చే ముందు చెప్పు. ఆపమంటే ఆపాల."

వీధి ఆ చివరికి వినబడేలా అరిచే అమ్మ, గొంతు తగ్గించింది. "వస్తన్నానే. కూర్చుంటన్నా. దువ్వెన పెట్టనా?"

"పెట్టు."

సగంలో "ఆపు" అంది స్తుతి. అమ్మ పట్టుబడ్డ దొంగలా రెండు చేతులూ పైకెత్తేసింది. స్తుతి పొట్టమీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి వదిలి, "ఊఁ" అంది. మళ్ళీ పాయలు కదిలాయి.

సాయంత్రం ఆ జడ చూసి జైతున్‌బీ గుమ్మంలోనే నిలేసింది. "ఎవరే ఇది వేసింది? కోడి కెలికినట్టుంది!"

"మా అమ్మ."

రిహానా పకపకా నవ్వింది. జైతున్‌బీ నవ్వలేదు. చేతులు శుభ్రంగానే ఉన్నా, కళ్ళు మాత్రం ముంజేత్తోనే తుడుచుకుంది.