పాపకు నత్తి వచ్చిన ఏడాది

తొంభైల మధ్యలో మేము చిక్కడపల్లిలో రెండు గదుల వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. మావారు ఉద్యోగం మీద జిల్లాలు తిరిగేవారు. నేను నారాయణగూడలో ఒక బళ్లో టీచర్ని. రోజంతా అరవైమంది పిల్లల మీద అరిచి ఇల్లు చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు.

పాపకు నాలుగో ఏడు. అప్పటిదాకా గలగలా మాట్లాడేది. ఒక సాయంత్రం "అమ్మా, న... న... న..." అని ఆగిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"నీళ్లా?" అన్నాను. తలూపింది.

తర్వాత అదే అలవాటైంది. మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక లేక నేనే అందించేసేదాన్ని. కొన్నాళ్లకు అది మాట్లాడటం మానేసి వేలితో చూపించసాగింది.

పగలు పాపను చూసుకునే పక్క వాటా అక్క, "వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయి, అదే తిరుగుతది" అంది. రాశాను. ఆ ఘాటుకు పాప ఏడ్చింది, అంతే.

చివరికి సెలవు పెట్టి అశోక్‌నగర్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన. పాప నాలుక, పెదవులు చూశారు. పెదవుల మూలలు పగిలి ఉన్నాయి. నేను చలికేమో అనుకున్నాను.

"ఏం తింటదమ్మా?"

"పెరుగన్నమే సార్. ఇంకోటి ముట్టది."

"గంజి వారుస్తవా?"

"వారుస్త సార్."

"బియ్యం నాలుగుసార్లు కడిగి, గంజి గూడ పారబోస్తే బి విటమిన్ పోతది. పాపకు అది తక్కువున్నట్టుంది. నత్తికీ దానికీ సంబంధం ఉండొచ్చంటరు, ఖాయంగ చెప్పలేను. మందు రాస్తున్న. ఇంకో సంగతి, మాట నువ్వు అందియ్యకు. ఎంతసేపైనా ఆగు."

మందు వెయ్యడం తేలికే. ఆగడమే కష్టమైంది. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే గోడకు ఆనుకుని కూర్చుని, దాని ముఖంలోకి చూస్తూ ఉండేదాన్ని. ఒకసారి అలాగే కునుకు పట్టింది. పాప నా చెంప తట్టి, "అమ్మా, విను" అంది. ఎక్కడా తడబడలేదు.

మూడు నెలలకు చాలావరకు తగ్గింది. పెదవులు మానాయి.

"మందుతోనేనా సార్?" అని డాక్టరుగారిని మళ్లీ కలిసినప్పుడు అడిగాను.

"ఏమోనమ్మా. ఈ వయసుల చానామందికి దానంతటదే పోతది."

ఆ జవాబు నాకు చాలలేదు. మందే అయితే, ఇన్నాళ్లూ దానికి కావలసింది నా చేతులతోనే పారబోశానన్నమాట. కాకపోతే నా తప్పేమీ లేదు. ఏది నిజమో తేల్చుకునే ఓపిక అప్పుడు లేదు. గంజి వార్చడం మానేసి అత్తెసరు పెట్టడం మొదలుపెట్టాను. జూన్‌లో పాపను బళ్లో వేశాం. కోపమొస్తే మాత్రం మొదటి అక్షరం దగ్గర ఇంకా కాస్త ఆగేది.