పురుగుల గదిలో చలి

ఆ మార్గళి నెలలో మా పట్టుపురుగుల గదిలో థర్మోస్టాట్ చెడిపోయింది. గది చల్లబడితే హీటరు వేసేదీ, వెచ్చబడితే ఆపేదీ ఆ డబ్బానే. పురుగులు మా ఇంటికొచ్చి ఒక్క దినమే అయింది. మా వెల్లిచందై పక్క ఆ నెలలో తెల్లారేసరికి దుప్పటి కప్పుకున్న మనిషికే వణుకు పుడుతుంది.

ఇంట్లో ఉండేది నేనూ, మా వదినా. వదినంటే మా ఆయన అక్క. భర్త పోయినాక మా దగ్గరే ఉంది. మా ఆయన టమాటా లోడుతో కేరళకు పోయినాడు, నాలుగు దినాలకు గానీ రాడు. దినానికి మూడుసార్లు మల్బరీ కొమ్మలు కోసి, మోసి, పురుగులకు పరిచేటప్పటికి నా నడుము నాది కాకుండా పోతా ఉండింది.

ధర్మపురికి బస్సెక్కి పోయి అంకెలు కనిపించే కొత్త డబ్బా తెచ్చినాను. పాలకోడు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు ఆ దినం ఇంకా మూడిండ్లు ఉన్నాయంట. పాతది ఊడదీసి, కొత్తది బిగించి, ఎర్ర అంకెలు వెలగంగానే అయిపోయిందక్కా అని చెప్పి వెళ్లిపోయినాడు.

అంకెలు వెలిగినాయి గానీ హీటరు వెలగలేదు. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెయిన్ ఆపి మూత తీసి చూసినాను. వైర్లన్నీ బిగుతుగానే ఉన్నాయి. హీటరును నేరుగా ప్లగ్గులో పెడితే బాగానే కాలింది. అంటే తప్పు డబ్బాలోనే ఉంది. అమ్మిన అంగడాయనకు ఫోన్ చేసినాను. ఆయన ఓపికగానే విని, దాంట్లో చల్లబరిచేదానికి ఒకటి, వేడి చేసేదానికి ఒకటి అని రెండు రకాలు ఉంటాయి, ఏది పెట్టినారో చూడమన్నాడు. ఎలక్ట్రీషియన్ దాన్ని చల్లబరిచేదాని మీదనే పెట్టి వదిలిపోయినాడు. ఏ బొత్తాం ఎంతసేపు నొక్కాలో ఆయన చెప్తా ఉంటే నేను నొక్కినాను. టక్కుమని చప్పుడొచ్చి హీటరు ఎర్రబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇరవై ఆరుకు పెట్టి, పోయి కాళ్లు చాపుకొని కూచున్నాను.

మరుసటి దినం పొద్దున వదిన వచ్చి పురుగు తినలేదని చెప్పింది. డబ్బా చూస్తే ఇరవై ఆరు చూపిస్తా ఉంది. గది సరిగ్గానే ఉంది వదినా, ఆకు ముదిరిందేమో అన్నాను. మధ్యాహ్నం మళ్లీ వచ్చి, పురుగులన్నీ ఒకదానిమీద ఒకటి కుప్పగా చేరినాయనింది. నేను లేచి చూసింది అంకెను, పురుగును కాదు. సాయంత్రం మూడోసారి చెప్తే విసుక్కున్నాను. మిషన్ కంటే నీకు బాగా తెలుసా అని నోరు జారినాను. ఆమె కొమ్మలు తీసుకొని గదిలోకి పోయింది.

ఆమె వెనకనే నేనూ పోయినాను. తప్పు చేసినానని కాదు, మేత వేసే పని ఉండి పోయినాను. మొదటి తట్టలో పొద్దున వేసిన ఆకు అట్లనే వాడి ఉంది. పురుగును చేతిలోకి తీసుకుంటే చల్లగా తగిలింది. పాత గోడ థర్మామీటరు ఒక మూలన ఇంకా వేలాడతానే ఉండింది. చూస్తే ఇరవై ఒకటి.

అప్పుడు డబ్బా నుంచి వచ్చే సన్నని నల్ల వైరు వెంబడి చూసుకుంటా పోయినాను. వేడిని కనిపెట్టేది దాని చివరనున్న బుడిపే. అది నేరుగా హీటరు నోటి ముందర వేలాడతా ఉంది. అక్కడ గాలి రెండు నిమిషాల్లో ఇరవై ఆరైపోతుంది, హీటరు ఆగిపోతుంది. గదంతా చల్లగానే ఉండిపోతుంది. డబ్బా అబద్ధం చెప్పలేదు. బుడిపను కట్టిన చోటు అట్లాంటిది.

వైరు విప్పి, గది నడుమ తట్టల ఎత్తున కట్టినాను. ఈసారి హీటరు ఆగకుండా చానాసేపు కాలింది. వదిన, నేను కింద కూచొని చూస్తా ఉన్నాము.

"నువ్వు పొద్దున్నే చెప్పినావు వదినా. నేను వినలేదు," అన్నాను.

"నా మాట ఎవురు విన్నారు గనక," అనింది. కోపంగా అనలేదు. ఏండ్లుగా మోసి మోసి అలసిన మనిషి అన్నట్టు అనింది.

చలి తిన్న పురుగులు అన్నీ ఒకేసారి జ్వరానికి పోలేదు. పురుగు మేత మాని చర్మం విడిచేదాన్ని మేము జ్వరమంటాము. కొన్ని లేచి ఆకలి మీదుంటే కొన్ని ఇంకా పడుకొనే ఉండినాయి. లేచినవాటిని ఏరి వేరే తట్టల్లో వేసేదానికే రెండు దినాలు పట్టింది. వదినకు మోకాళ్లు వాచినాయి. చివరికి గూళ్లు కట్టినాయి గానీ, కొన్ని పలచగా, చేత్తో నొక్కితే మెత్తగా ఉండినాయి. మార్కెట్లో వాటిని పక్కకు తీసి పెట్టినారు.

గూళ్లు కట్టకముందే, నాలుగో దినం మా ఆయన వచ్చి, కొత్త మిషన్ బాగా పని చేస్తుందా అని అడిగినాడు. వదినను అడుగు, ఆమెకే తెలుసునన్నాను. వదిన తట్టలు కడుగుతా ఉండింది. తలెత్తకుండానే, పని చేస్తుందిలే అనింది.