ఏమీ నొక్కకుండా కూర్చునేవాళ్ల పేజీ

2011లో నారాయణఖేడ్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూలు వెబ్‌సైట్ పని నేను చూసేవాణ్ని. కంప్యూటర్ డిప్లొమా ముగించి, బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, ఇలాంటి చిన్న పనులతో నెట్టుకొస్తున్న రోజులు. ఆ స్కూల్లో ఎక్కువమంది కంగ్టి, కల్హేర్ వైపు పిల్లలు. అమ్మానాన్నలు పనుల కోసం పటాన్‌చెరుకో, బీదర్‌కో వెళ్లినవాళ్లు.

సైటు మొదటి పేజీలో స్లైడర్ ఉండేది. అంటే మనం ఏమీ నొక్కకపోయినా ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే వచ్చిపోయే పెట్టె. అన్నం తింటున్న పిల్లలు, పాట పాడుతున్న పిల్లలు, వరండాలో చదువుకుంటున్న పిల్లలు. ఒక బొమ్మ కరిగిపోతుంటే దానిలోంచి ఇంకొకటి తేలివచ్చేది. రెండూ కలిసి ఉండే ఆ క్షణంలో పాడుతున్న పిల్ల నోట్లోంచి వరండా స్తంభాలు మొలిచేవి. పని ఆపి అలా చూస్తూ ఉండిపోయిన మధ్యాహ్నాలు నాకూ ఉన్నాయి.

సైటుకు ఎంతమంది వచ్చారు, ఎంతసేపు ఉన్నారు, ఏం నొక్కారు అనే రిపోర్టు అప్పుడప్పుడు తీసేవాణ్ని. ఆదివారాలది వేరే లెక్క. వచ్చినవాళ్లు మొదటి పేజీలోనే చాలాసేపు ఉండి, ఏ లింకూ నొక్కకుండా వెళ్లిపోయేవారు. రెండో పేజీ చూడకుండా వెళ్లేవాళ్ల శాతాన్ని బౌన్స్ రేట్ అంటారు. అది పెరిగితే జనానికి కావలసింది దొరకడం లేదని మాకు నేర్పారు. ప్రిన్సిపాల్ మేడంతో మాట్లాడి సైటు మార్చాను. స్లైడర్ తీసేసి పైన స్కూలు భవనం బొమ్మ పెట్టాను. పక్కన మెనూ, అంటే పేజీల పేర్ల వరుస. ఫోటోలన్నీ గ్యాలరీ అనే లోపలి పేజీకి వెళ్లాయి. మొదటి పేజీ చకచకా తెరుచుకుంటుంటే మేడం మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు ఆమే ఆఫీసుకు పిలిచారు. పదో తరగతి సునీత వాళ్లమ్మ రత్నమ్మ పటాన్‌చెరు నుంచి వచ్చి కూర్చుంది. అక్కడ ఒక కంపెనీలో ఊడ్చే పని ఆమెది. పక్కన సునీత, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో. పరీక్షలు దగ్గరికొస్తుంటే తల్లి పిల్లను తీసుకుపోతానంటోంది.

"బిడ్డ ఇక్కడనే ఉంది, చూసినవ్ కద రత్నమ్మా," అన్నారు మేడం.

"ఇయ్యాల చూసిన. రేపు నాకెట్ల ఎరుక? ఐతారం వస్తే నెట్ దుకాన్ల కూసోని బిడ్డను చూస్తుంటి. ఇప్పుడు ఎప్పుడు చూసినా ఉత్త బిల్డింగే. పిల్లలందరు ఏడవోయిన్రని పరేషాన్ అయిన. బిడ్డ కండ్ల ముంగట లేకుంటె నాతోని కాదు. తోల్కపోత."

ఐతారమంటే ఆదివారం; నా రిపోర్టులోని ఆదివారాలు గుర్తొచ్చాయి. ఫోటోలు లోపల ఉన్నాయని, గ్యాలరీ మీద నొక్కితే చాలని చెప్పాను.

"నేను ముట్ట సారూ. ముడితే ఏడికో పోతది. దుకానాయన పెట్టిచ్చి పోతడు, నేను చేతులు ఒళ్లె పెట్టుకోని కూసుంట. తిరుక్కుంట తిరుక్కుంట నా బిడ్డ అదే వస్తది."

ఇంతలో సంచిలోంచి ఒక కొత్త డ్రెస్ తీసి కూతురి ఒళ్లో వేసింది. "ఎప్పుడు చూసినా గా పసుపు లంగనే తొడుగుతున్నవ్. పిండుతున్నవా, లేదా?"

సునీతకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "అమ్మా, గది కిస్మస్ ఫోటో. గప్పటిసంది గదే తిరుగుతుంది."

"గట్లనా?" రత్నమ్మ కొత్త డ్రెస్ మడత సవరించింది. "నీకు బట్టల్లేవని కంపెనీల అందరికి చెప్పిన గదనే."

ఆఫీసు కంప్యూటర్‌లో పాత పేజీ తిరిగి పెట్టాను. "నువ్వు అక్కడెట్ల కూసుంటవో అట్లనే కూసో అమ్మా," అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ వెలుతురు తెర మీద వాలి బొమ్మలు పలచబడ్డాయి. పాట పాడే పిల్లలు, అన్నాల వరస, ఆ తర్వాత పసుపు లంగా. ఆమె ముందుకు వంగింది. అంతలోనే పసుపు కరిగి వరండా స్తంభాలు తేలాయి.

"మొకం చూసెవరకు పోతది," అంది మెల్లగా, ఎవరితోనూ కాదన్నట్టు. "మల్ల వచ్చేదాంక కూసుంట."

ఇంకో చుట్టు తిరిగొచ్చేదాకా మేమందరం ఆమెతో పాటు ఎదురుచూశాం.

ఆ పూటే పేజీ మార్చే పని ముగించాను. ఒకటి, ప్రతి ఫోటో ముఖాలు చూసేంతసేపు నిలవాలి. రెండు, కింద పెద్ద అక్షరాల్లో అది ఎప్పటిదో ఉండాలి. మూడు, మెనూ కావలసినవాళ్లకు అడుగున ఉంటే చాలు. సునీత కొత్త డ్రెస్ వేసుకుని వరండాలో నిలబడితే ఫోటో తీసి అన్నిటికన్నా ముందు పెట్టాను.

రత్నమ్మ దాన్ని చూసి, పక్కన నిలబడ్డ కూతుర్ని చూసి, మళ్లీ తెర చూసింది. "ఐతారం ఐతారం కొత్తది పెడతవా?"

"పెడతా."

"పరీక్షలైనదాంక?"

"అయినదాంక."

"మరి ఉండనీ," అంది. కూతురి జడ ఒకసారి సవరించి ఒక్కతే బస్సెక్కింది. సునీత పరీక్షలు రాసింది.

మా రిపోర్టులు ఎంతసేపు ఉన్నారు, ఏం నొక్కారు అన్నదే లెక్కిస్తాయి. ఏమీ నొక్కని మనిషికి కావలసింది దొరకలేదో, దొరికే ఆ మనిషి అలా కూర్చుండిపోయిందో అవి చెప్పలేవు. అందుకే ఇప్పుడు ఏ పేజీ మార్చే ముందైనా, దాన్ని వాడే ఒకరి పక్కన కుర్చీ వేసుకుని, వాళ్లు లేచేదాకా ఊరికే కూర్చుంటాను.