దింపుడు కల్లం దగ్గర త్రో

ఆ రోజుల్లో మా నస్పూర్‌కు రెండు అంతస్తులుండేవి. పై అంతస్తులో ఫుట్‌బాల్ మైదానం, కింది అంతస్తులో బొగ్గుబాయి. పైన బాగా ఆడినవాణ్ని గని జట్టులో చేర్చుకుని నీడపట్టున ఏదో ఒక పని ఇచ్చేవారు. మిగిలినవాళ్లు బొగ్గెత్తే తట్టా, చెమ్మస్ పారా పట్టుకుని కిందికి దిగాల్సిందే. నేనూ అలా దిగుతున్నవాణ్నే. బొగ్గెత్తీ ఎత్తీ నా భుజాలు ఎంత ముదిరాయంటే, నస్పూర్‌లో త్రో వేస్తే బంతి మంచిర్యాల స్టేషన్‌లో రైలెక్కి కూర్చునేది (టికెట్ లేదని ఒకసారి దించేశారంటారు, అది మాత్రం నేను చూడలేదు).

ఆ భుజాలకు యముడు గీత తాత. బాయి పని చాలించిన ముసలాయన. అందరూ గోలు వెనక మూగితే, ఈయన మాత్రం సున్నపు గీత పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చునేవాడు. బంతి ఎక్కడ గీత దాటితే అక్కడినుంచే త్రో వెయ్యాలి, రెండు కాళ్లూ నేలకు ఆనాలి, రెండు చేతులతో తల వెనకనుంచి తెచ్చి తలమీదుగా వదలాలి, తప్పితే బంతి అవతలివాళ్లది. జానెడు ముందుకు జరిగితే చాలు, "గాడికెల్లి కాదురా దొంగోడా, గీడికెల్లి" అని కట్టె ఆడించేవాడు. ఆ అరుపుకు బాయిలోవాళ్లు పైకప్పు కూలుతోందని పరిగెత్తుకొచ్చేవారని ప్రతీతి. రెఫరీగా ఉండే డ్రిల్లు సారు కూడా విజిల్ నోట్లో పెట్టుకుని ముందు తాత మొహం చూసేవాడు.

సరిగ్గా మా ఫైనల్ రోజు తెల్లవారుజామున తాత పోయాడు. ఆయన ఊపిరితిత్తుల్లో టబ్బు బొగ్గు పేరుకుందట (టబ్బంటే బాయిలో బొగ్గు లాగే ఇనప బండి; ఆ కొలత నాది, బొగ్గు అన్న మాట డాక్టరుది). ఆట ఆపుదామంటే ఆయన భార్య, ముసలవ్వ, ఒప్పుకోలేదు. "ఆట ఆపితె ఆడికి పోయి గూడ లొల్లి వెడ్తడు. ఆడుకోండ్రి" అంది.

గెలిస్తే నన్ను గని జట్టులోకి తీసుకుంటామని గని పెద్ద సారు అందరి ముందూ మాటిచ్చాడు. రాత్రి షిఫ్టు దిగిన మా బాపు ఇంటికి కూడా పోకుండా వచ్చి, నోటికి కండువా అడ్డం పెట్టుకుని దగ్గుతూ అవతలి గీత దగ్గర నిలబడ్డాడు. నేను ఆ దగ్గుకు వారసుణ్ని కాకూడదన్నదే ఆయన కోరిక. గోల్స్ సమానం. ఆట ముగియబోతోంది.

అప్పుడు డప్పులు వినిపించాయి. శ్మశానం దారి మా గీతను ఒరుసుకునే పోతుంది. దింపుడు కల్లం కూడా అక్కడే. పాడెను నేలకు దించారో లేదో, అవతలి జట్టువాడు తన్నిన బంతి గీత దాటి, దొర్లుకుంటూ పోయి తాత తల పక్కన ఆగింది. డప్పులు ఆగాయి. పోయిన ప్రాణం ఆఖరి ఆశగా తిరిగొస్తుందేమోనని అక్కడ చెవిలో పిలవడం ఆచారం. కొడుకు వంగి "బాపూ" అని మూడుసార్లు పిలిచాడు. తాత పలకలేదు.

అంతవరకూ తల వంచుకున్న డ్రిల్లు సారు వచ్చి, పాడె పక్కనే గీత మీద వేలితో చూపించాడు. "బాల్ పోయింది గిక్కడ్కెల్లే. ఏస్తె గీడికెల్లే ఎయ్యాలె." (ఎదుటి ఆటగాడు రెండు మీటర్ల దూరంలో ఉండాలని నియమముంది. శవం ఎంత దూరంలో ఉండాలో ఏ నియమంలోనూ లేదు.) ముసలవ్వే బంతి తీసి నా చేతిలో పెట్టింది.

"కొడుకు పిలిస్తె పలుకలే బిడ్డా. జర తప్పు జాగలకెల్లి ఏసి సూడు. దానికైతె ఊకోడు."

ఆమె పరాచికాలాడటం లేదు. కళ్లలో తడి కూడా లేదు. సరైన చోటునుంచి వేస్తే బంతి గోలు ముందు పడుతుంది, మా పొడుగోడు తల ఊపితే చాలు. అవతల బాపు దగ్గు ఆపుకుని నన్నే చూస్తున్నాడు. నేను ముసలవ్వను చూశాను. చూడకపోతే బాగుండేది.

గీత వెంట గోలు వైపు నడిచాను. జానెడు కాదు, ఊరు దాటినంత దూరం. అది చాలదన్నట్టు మడమ కూడా ఎత్తి విసిరాను. పొడుగోడు గోలు కొట్టాడట, అటు చూసినవాడు ఒక్కడూ లేడు. అందరి చూపూ పాడె మీదే. గాలికి తెల్లగుడ్డ అంచు లేచింది. మైదానం మొత్తం ఒక్కడుగు ముందుకేసింది. అంచు మెల్లగా పడిపోయింది.

డ్రిల్లు సారు చాలాసేపు ఆగి, అప్పుడు ఊదాడు. గోలు చెల్లదు, త్రో అవతలివాళ్లకు. ఆ బంతితోనే వాళ్లు పోయి గెలిచారు.

"అయితె నిజంగనె పోయిండు" అంది ముసలవ్వ. "లేపుండ్రి."

ఇంటికి పోతూ బాపు అన్నాడు: "బతికినన్నొద్దులు చెవులు తిన్నడు. పోయెటప్పుడు నీ నౌకరి తిన్నడు." మళ్లీ చాలా దూరం దగ్గుతూ నడిచి, "పొద్దుగాల ఫస్టు షిఫ్టు. జల్ది పండుకో" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు నా ఊపిరితిత్తుల్లో అర టబ్బు ఉంటుంది. టీవీలో పరదేశపు పిల్లలు త్రోకు ముందు దొంగ అడుగులు వేస్తుంటే, "గాడికెల్లి కాదురా" అని మంచం మీంచే కట్టె ఆడిస్తాను. "ఆళ్లకు ఇనవడ్తదా? ఊకె పరేషానై దగ్గు తెచ్చుకుంటవ్" అంటుంది నా భార్య. మొన్న కొడుక్కి చెప్పాను, దింపుడు కల్లంలో నన్ను పిలవొద్దని, ఎవరిచేతనైనా తప్పు జాగా నుంచి ఒక త్రో వేయించమని.

"మైదానమేడుంది బాపూ, ఓపెన్‌కాస్ట్ బొగ్గుగుంతల పోయె గదా" అన్నాడు వాడు.

"నన్ను దించిన కాడనె గీత గియ్యిరా" అన్నాను.